తమ్ముడు షార్ట్ సర్వీసులో కెప్టెన్. సైన్యాన్ని తగ్గిస్తున్నారంటున్నారు. పదేళ్ళ తర్వాత ఏమిటి?

నరసన్నపేట అక్క

అందరికీ నమస్కారం. నేను నరసన్నపేట దగ్గర ఒక ప్రభుత్వ పాఠశాలలో టీచర్‌ని. మా తమ్ముడు సైన్యంలో కెప్టెన్. డిగ్రీ కాగానే సైనిక అధికారుల ప్రవేశ పరీక్ష సీడీఎస్ రాశాడు. రెండోసారికి ఎస్ఎస్‌బీ ఇంటర్వ్యూ నెగ్గి, చెన్నై ఆఫీసర్స్ ట్రైనింగ్ అకాడమీ నుంచి షార్ట్ సర్వీస్ కమిషన్ మీద, అంటే నిర్ణీత కాలానికే అధికారిగా, వెళ్ళాడు. వచ్చే ఏడాది ఆరేళ్ళు నిండుతాయి, మేజర్ అవుతాడు. మా ఊళ్ళో జవాన్లుగా వెళ్ళినవారు వీధికి ఇద్దరు ముగ్గురు ఉంటారు. ఆఫీసరుగా వెళ్ళింది మాత్రం వీడే. భుజాల మీద నక్షత్రాలతో మొదటిసారి ఊళ్ళోకి వచ్చిన రోజు మా నాన్న పొలానికి వెళ్ళకుండా సాయంత్రం దాకా అరుగు మీదే కూర్చున్నారు.

ఈ మధ్య ఒక సంబంధం వచ్చింది. అమ్మాయి తండ్రి అడిగిన మొదటి మాట, "అబ్బాయిది పర్మినెంటా, షార్ట్ సర్వీసా?" అని. షార్ట్ సర్వీసు అనగానే ఆయన ముఖం మారిపోయింది. "సైన్యాన్ని తగ్గిస్తున్నారటమ్మా. జవాన్లను నాలుగేళ్ళకే పంపేస్తున్నారు. రేపు ఆఫీసర్ల వంతు రాదా?" అన్నారు. ఆ మాట అమ్మ చెవిన పడింది. అప్పటినుంచి ఆమెకు నిద్ర లేదు. తమ్ముడిని ఫోనులో అడిగితే "పదేళ్ళదాకా ఉందిలే అక్కా, తర్వాత చూద్దాం" అంటున్నాడు.

ఆ 'తర్వాత' ఏమిటో నాకు తెలియాలి. నిజంగా చిన్న అధికారులను తగ్గిస్తారా? పదేళ్ళ తర్వాత ఉండనిస్తారా? ఉండనివ్వకపోతే, ముప్పై నాలుగేళ్ళ వయసులో ఇంటికి వచ్చి వాడు ఏం చేస్తాడు? తెలిసినవారు దయచేసి ఉన్నది ఉన్నట్టు చెప్పండి. మమ్మల్ని ఊరడించడానికి రాయవద్దు.

పాత సుబేదార్, ఆముదాలవలస

అమ్మా, నేను ఇరవై ఎనిమిదేళ్ళు చేసి సుబేదారుగా పింఛను మీద వచ్చినవాడిని. ముందు ఒక జాగ్రత్త. తమ్ముడి యూనిట్ ఏది, ఇప్పుడు ఎక్కడ ఉన్నాడు అన్నవి ఇక్కడ రాయకండి. మీరు రాయలేదు, మంచిపని చేశారు. ఎవరైనా అభిమానంగా అడిగినా చెప్పవద్దు.

ఇక ఆ పెద్దమనిషి అన్న మాట. నాలుగేళ్ళ నియమం అగ్నిపథ్‌ది. 2022 జూన్ 14న ప్రకటించారు. అది జవాన్ల భర్తీకి పెట్టిన పద్ధతి. నాలుగేళ్ళు కాగానే నూటికి ఇరవై ఐదుగురి వరకే ఉంచుకుంటారు, మిగిలినవారు సేవానిధి డబ్బు తీసుకుని ఇంటికి వస్తారు. ఆఫీసర్లకు దానితో సంబంధం లేదు.

కానీ మన జిల్లాలో ఈ రెండూ కలిసిపోయి వినిపిస్తున్నాయంటే అర్థం చేసుకోవచ్చు. 2020 నుంచి రెండేళ్ళకు పైగా భర్తీ ర్యాలీలు ఆగిపోయాయి. అప్పుడు కూడా మా పేట కుర్రాళ్ళు తెల్లవారుజామున నాలుగింటికి రోడ్డు మీద పరుగెడుతూనే ఉన్నారు. పరుగు ఆపలేదు, వయసూ ఆగలేదు. ఒక్కొక్కరూ వయసు దాటి పోతుంటే చూస్తూ ఉన్నాను. ఆ బాధ ఇంకా తగ్గలేదు. అందుకే 'తగ్గింపు' అనే మాట వినపడగానే ఎవరికి వారికి తమ ఇంటి పిల్లవాడే గుర్తొస్తాడు.

మీ తమ్ముడి సంగతి వేరు. అది ఆఫీసర్లు చెబితేనే బాగుంటుంది. ఇక్కడ ఇద్దరు ముగ్గురు ఉన్నారు, వస్తారు.

కోరుకొండ పూర్వవిద్యార్థి, విజయనగరం

సుబేదార్ సాబ్ పిలిచాక రాకుండా ఉంటానా. నేను లెఫ్టినెంట్ కల్నల్‌గా దిగిపోయాను. నాది పర్మినెంట్ కమిషన్. అమ్మా, ఉన్నది ఉన్నట్టు చెప్పమన్నారు కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

సైన్యంలో 'తగ్గింపు' అన్న ఒక్క మాట కింద మూడు వేర్వేరు విషయాలు కలిసిపోయి ఉన్నాయి. మొదటిది, జవాన్ల సంఖ్య తగ్గడం. భర్తీ ఆగిన సంవత్సరాల వల్ల, తర్వాత అగ్నిపథ్ వల్ల వచ్చినది. రెండోది, పాత విభాగాల మూత, ఉన్నవారిని వేరేచోటికి మార్చడం. సైన్యం ఖర్చును, కూర్పును పరిశీలించిన షేకట్కర్ కమిటీ సిఫార్సుల మీద 2017లో 57 వేల మందిని యుద్ధ విధుల వైపు మళ్ళించాలని నిర్ణయించారు. దానిలో భాగంగానే సైనిక పాడి క్షేత్రాలన్నీ 2021 మార్చికల్లా మూసేశారు. ఈ రెండింటిలోనూ కెప్టెన్లను, మేజర్లను ఇంటికి పంపింది లేదు. పైగా అధికారుల కొరత ఉంది. 2023లో ప్రభుత్వం పార్లమెంటుకు చెప్పిన లెక్క ప్రకారం సైన్యంలో 8 వేలకు పైగా అధికారుల ఖాళీలున్నాయి. ఏ బెటాలియనుకు వెళ్ళినా ఇద్దరు ముగ్గురు చేయాల్సిన పని ఒక కెప్టెన్ చేస్తూ కనిపిస్తాడు. మీ తమ్ముడిని అడగండి, ఎన్ని బాధ్యతలు ఒక్కడి మీద ఉన్నాయో చెబుతాడు.

మూడోది అసలైనది. దాని గురించి ఎవరూ మాట్లాడరు. అదే మెట్లు పైకి పోయేకొద్దీ ఇరుకవడం. రెండేళ్ళకు కెప్టెన్, ఆరేళ్ళకు మేజర్, పదమూడేళ్ళకు లెఫ్టినెంట్ కల్నల్. ఇక్కడిదాకా పరీక్షలు గట్టెక్కి, తప్పు చేయకుండా ఉంటే కాలమే తీసుకెళ్తుంది. ఆ పైన కల్నల్ పదవి బోర్డు ఎంపిక. నాతో పాటు కమిషన్ అయినవారిలో చాలామంది అక్కడే ఆగిపోయారు. నేనూ ఆగిపోయాను. ఫలితం తెలిసిన రోజు మెస్‌లో అందరూ ఎప్పటిలాగే మాట్లాడారు. ఎవరూ ఆ ప్రస్తావన తేలేదు. ఆ మర్యాద నాకు అన్నిటికంటే బరువనిపించింది. తర్వాత నాకంటే జూనియర్ కింద పనిచేశాను. జీతం ఆగలేదు, గౌరవం తగ్గలేదు. ఇరవై ఏళ్ళు దాటాయి కాబట్టి పింఛను ఉంది. మనసు కుదుటపడటానికి మాత్రం రెండేళ్ళు పట్టింది.

ఇలా ఎందుకు పెట్టారంటే దానికీ కారణం ఉంది. కార్గిల్ తర్వాత అజయ్ విక్రమ్ సింగ్ కమిటీ వేశారు. బెటాలియన్లను నడిపించేవారు వయసులో ఉండాలన్నది దాని ముఖ్యమైన ఆలోచన. మా కోరుకొండ సైనిక పాఠశాల పూర్వవిద్యార్థి కల్నల్ సంతోష్ బాబు 2020లో గల్వాన్‌లో 16 బిహార్ బెటాలియన్‌ను ముందుండి నడిపి వీరమరణం పొందేనాటికి ఆయన వయసు 37. కమాండర్ ఆ వయసులో ఉండాలంటే పైన కొద్దిమంది, కింద ఎక్కువమంది ఉండాలి. అంటే చాలామంది యువకులు వచ్చి, సేవ చేసి, యువకులుగానే తిరిగి వెళ్ళాలి. షార్ట్ సర్వీసును పెంచమని ఆ కమిటీ చెప్పింది అందుకే. వెళ్ళేవారికి మంచి దారి వేయమని కూడా చెప్పింది. వచ్చే దారి వేశారు. వెళ్ళే దారి ఇంకా గతుకులమయంగానే ఉంది. నాకు కోపం తెప్పించేది ఇదొక్కటే.

మీ ప్రశ్నకు జవాబు. పదో ఏట మీ తమ్ముడికి మూడు దారులు ఉంటాయి. పర్మినెంట్ కమిషన్ కోరుకోవచ్చు, బోర్డు ఎంపిక చేస్తే ఉంటాడు. ఎంపిక కాకపోయినా, కోరుకోకపోయినా, తగినవాడైతే ఇంకో నాలుగేళ్ళు పొడిగింపు తీసుకుని పద్నాలుగేళ్ళకు దిగవచ్చు. లేదా పదేళ్ళకే సెలవు తీసుకోవచ్చు. పొడిగింపు తీసుకున్నాక మధ్యలో వద్దనుకుంటే రాజీనామాకు కూడా వీలుంది.

వేగావతి, బొబ్బిలి

సార్, నేను సీడీఎస్‌కు చదువుతున్నాను. మీరు రాసినది చదివాక చేతులు చల్లబడ్డాయి. చెన్నై అకాడమీకి వెళ్ళడం తప్పంటారా? పర్మినెంట్ కమిషన్ ఇచ్చే డెహ్రాడూన్ అకాడమీ వస్తేనే వెళ్ళాలా?

కోరుకొండ పూర్వవిద్యార్థి, విజయనగరం

తప్పు అని నేను అనలేదు బాబూ. ఏది వస్తే దానికి వెళ్ళు. ఇరవై నాలుగేళ్ళ వయసులో ముప్పై మంది ప్రాణాలు నీ మాట మీద ఆధారపడే ఉద్యోగం ఈ దేశంలో ఇంకొకటి లేదు. కానీ అకాడమీలో చేరిన రోజే గుర్తుంచుకో, నీ కాగితం మీద ఒక చివరి తేదీ కూడా రాసి ఉంటుంది. నా బాధంతా అది దాచిపెట్టి పిల్లలను పంపడం గురించే. శ్రీకాకుళంలో, విజయనగరంలో లోపలికి పంపే కోచింగ్ కేంద్రాలు ఎన్నో ఉన్నాయి. బయటికి వచ్చేవాడికి ఒక్క గంట కూర్చోబెట్టి చెప్పే చోటు ఉందా?

చీపురుపల్లి మాస్టారు

నేను చరిత్ర చెప్పి రిటైరైనవాడిని. ఈ భయం కొత్తది కాదమ్మా. రెండో ప్రపంచ యుద్ధంలో భారత సైన్యం 25 లక్షల దాకా పెరిగింది. 1945 తర్వాత కొద్దికాలంలోనే లక్షలమందిని ఇంటికి పంపారు. మన కళింగసీమ పల్లెల్లో బర్మా నుంచి తిరిగివచ్చి మళ్ళీ అరక పట్టినవారి కథలు నా చిన్నప్పుడు విన్నాను.

అధికారుల విషయంలో మనకు బాగా పనికివచ్చే పాఠం 1962ది. చైనాతో యుద్ధం రాగానే అధికారులు చాలలేదు. ఎమర్జెన్సీ కమిషన్ పెట్టి వేలమంది పట్టభద్రులను తీసుకున్నారు. మద్రాసులో ఆఫీసర్స్ ట్రైనింగ్ స్కూలు 1963లో మొదలైంది అందుకే. అదే ఇప్పుడు మీ తమ్ముడు చదివిన అకాడమీ. అవసరం తీరాక, 1966 నుంచి వారిని విడతలవారీగా విడుదల చేశారు. అయితే వట్టి చేతులతో పంపలేదు. కేంద్ర సర్వీసుల్లో వారికి ఖాళీలు ప్రత్యేకించారు. 1965 యుద్ధం చూసి వచ్చిన ఒక ఎమర్జెన్సీ అధికారి మా కాలేజీకి వచ్చి మాట్లాడారు. అప్పటికి ఆయన ప్రభుత్వ సర్వీసులో పెద్ద హోదాలో ఉన్నారు. "నన్ను పంపేశారు" అన్న మాట ఆయన నోట రాలేదు. "నన్ను అక్కడి నుంచి ఇక్కడికి మార్చారు" అన్నారు. ఆ తేడా పూర్తిగా ప్రభుత్వం చేతిలో ఉంది. ఆనాడు చేయగలిగింది ఈనాడు చేయలేరా అని నా బాధ.

ఇంకో సంగతి. 1998లో ఆర్మీ చీఫ్ జనరల్ వి.పి. మాలిక్ ఆధునికీకరణకు డబ్బు మిగల్చాలని 50 వేల మందిని తగ్గించే ప్రయత్నం మొదలుపెట్టారు. మరుసటి ఏడే కార్గిల్ వచ్చింది. ఆ కొండలెక్కినవారిలో లెఫ్టినెంట్లు, కెప్టెన్లు ఎంతమంది తిరిగి రాలేదో మనకు తెలుసు. సంఖ్యలు కాగితం మీద తగ్గించినంత తేలికగా అవసరాలు తగ్గవు.

రాజాం బిడ్డ, డల్లాస్

మాస్టారూ, చిన్న అధికారులను నిజంగానే తగ్గించిన దేశం ఎలా ఉంటుందో ఇక్కడ చూశాను. ఇరాక్, అఫ్గానిస్తాన్ యుద్ధాలు చల్లబడ్డాక అమెరికా తన సైన్యాన్ని కుదించింది. 2014లో ప్రత్యేక బోర్డులు పెట్టి 1,100 మందికి పైగా కెప్టెన్లను, 500 మందికి పైగా మేజర్లను వెళ్ళిపొమ్మంది. వారిలో కొందరు ఆ సమయానికి అఫ్గానిస్తాన్‌లోనే విధుల్లో ఉన్నారు. మా ఆఫీసులో నా పక్క బల్ల మీద పనిచేసే ఆయన వారిలో ఒకరు. సిపాయిగా చేరి, చదువుకుని, అధికారి అయ్యాడు. అలా కిందినుంచి వచ్చినవారిలో, అధికారిగా ఎనిమిదేళ్ళు నిండనివారు కొందరు పింఛనుకు వెళ్ళేటప్పుడు మళ్ళీ పాత సిపాయి హోదాకే దిగవలసి వచ్చింది.

ఆయన నాతో చెప్పిన మాట ఒకటి మరచిపోలేను. "తొలగించారన్న కోపం ఏడాదిలో పోయింది. నన్ను పిలిచి చెప్పిన కల్నల్ నా పేరు తప్పు పలికాడు. అది ఇప్పటికీ పోలేదు."

మన దగ్గర అలాంటి తొలగింపు లేదు. మన తమ్ముళ్ళకు చివరి తేదీ ముందే తెలుసు. అది పెద్ద వరం అక్కా. దాన్ని వాడుకోవాలి.

పద్నాలుగేళ్ళు, రణస్థలం

అక్కా, నేను మీ తమ్ముడి దారిలోనే నడిచినవాడిని. షార్ట్ సర్వీసు, సరఫరాలు చూసే ఆర్మీ సర్వీస్ కోర్. పర్మినెంట్ బోర్డులో రాలేదు. నాలుగేళ్ళ పొడిగింపు తీసుకున్నాను. పదమూడేళ్ళకు లెఫ్టినెంట్ కల్నల్ అయ్యాను, పద్నాలుగేళ్ళకు దిగాను. ఇప్పుడు పైడిభీమవరం పారిశ్రామికవాడలో ఒక మందుల కర్మాగారంలో సరఫరా విభాగం చూస్తున్నాను.

ఉద్యోగం దొరకడానికి పదకొండు నెలలు పట్టింది. తప్పు పూర్తిగా నాదే. పన్నెండో ఏట మొదలుపెట్టాల్సిన పని పద్నాలుగో ఏట, ఇంటికి పెట్టెలు వచ్చాక మొదలుపెట్టాను. నా అర్హతల పత్రం చూసి ఒక పెద్ద సంస్థలో ఇంటర్వ్యూ చేసినాయన అడిగిన మాట: "సార్, మీరు దేశానికి చేసిన సేవకు నమస్కారం. కానీ మీరు రోజూ చేసే పని ఏమిటో నాకు అర్థం కాలేదు." నేను అందులో రాసుకున్నవన్నీ హోదాలు, నియామకాలు, కోర్సుల పేర్లు. ఆయన తప్పు లేదు. ఆ భాష ఆయనకు తెలియదు, ఆయన భాష నాకు తెలియదు.

ఆ రాత్రి ఇంటికి వచ్చి తెల్ల కాగితం తీసుకున్నాను. లదాఖ్‌లో చలికాలం ముందు నిల్వలు చేర్చే పని రెండు సీజన్లు చూశాను. మంచు పడి కనుమలు మూసుకుపోయే లోపు ఆరు నెలలకు సరిపడా బియ్యం, పప్పు, కిరోసిన్, డీజిల్ పైకి చేరాలి. ఒక్క లారీ ఆగితే వెనుక వంద లారీలు ఆగుతాయి. డ్రమ్ములో ఇంధనం ఎంత, దారిలో ఎంత పోతుంది, ఏ పోస్టుకు ఎన్ని రోజులకు సరిపోతుంది అన్నది రోజూ రాత్రి లెక్క చూసుకునేవాడిని. అవన్నీ మామూలు తెలుగులో రాసుకున్నాను. తర్వాత ఇంగ్లీషులోకి మార్చుకున్నాను. తర్వాతి ఇంటర్వ్యూలో వేరే ఏమీ చెప్పలేదు, ఆ లారీల సంగతే చెప్పాను. "మా ముడిసరుకు కూడా వానాకాలంలో ఇలాగే ఆగిపోతుంది" అన్నారు వారు. మాట కలిసింది.

కాబట్టి తమ్ముడికి నా సలహా. ఆరో ఏటనే ఒక నోటుపుస్తకం పెట్టమనండి. రహస్య విషయాలు వద్దు. తాను ఎంతమందిని నడిపాడు, ఏ పని ఎన్ని రోజుల్లో పూర్తిచేశాడు, ఏం మిగిల్చాడు, ఏ తగాదా ఎలా తీర్చాడు అన్నవి ఎవరికైనా అర్థమయ్యే మాటల్లో రాసుకోమనండి. మాజీ సైనికుల పునరావాసం చూసే డీజీఆర్ వాళ్ళు దిగిపోయే అధికారులకు ఐఐఎంలలో ఆరు నెలల మేనేజ్‌మెంట్ కోర్సులు పెడతారు. దానికి సమయం ముందే చూసుకోవాలి. ఖర్చులో కొంత అధికారి భరించాలి, మిగిలినది వారు భరిస్తారు.

మాజీ కెప్టెన్, విజయనగరం కంటోన్మెంట్

పద్నాలుగేళ్ళు గారు పొడిగింపు తీసుకున్నారు. ఆ ఒక్కచోట నాది వేరే మాట. పొడిగింపు అందరికీ మంచిది కాదు. నేను సైన్యపు సమాచార విభాగం సిగ్నల్స్‌లో చేసి పదేళ్ళకు ముందే బయటికి వచ్చాను. అప్పట్లో మా విభాగంలో ఆడవారికి పర్మినెంట్ కమిషన్ కోరుకునే అవకాశమే లేదు. సుప్రీంకోర్టు 2020 ఫిబ్రవరి 17న ఆ అవకాశం ఇవ్వాలని తీర్పు చెప్పేసరికి నేను యూనిఫాం విడిచి చాలా కాలమైంది. టీవీలో ఆ వార్త చూస్తూ వంటింట్లో నిలబడిపోయాను. సంతోషమూ, దుఃఖమూ ఒక్కసారే వచ్చాయి.

వయసు సంగతి చూడండి. 34 ఏళ్ళకు బయటికి వస్తే ఇంకా చాలా తలుపులు తెరిచి ఉంటాయి. సివిల్ సర్వీసులకు జనరల్ వర్గంలో గరిష్ఠ వయసు 32. కనీసం ఐదేళ్ళు సేవచేసి విడుదలైన షార్ట్ సర్వీసు అధికారికి ఇంకో ఐదేళ్ళ సడలింపు ఉంది, అంటే 37. పద్నాలుగేళ్ళు చేసి 38కి వస్తే ఆ తలుపు మూసుకుపోయినట్టే. బ్యాంకుల్లో భద్రతాధికారి పోస్టులకు ఐదేళ్ళు అధికారిగా చేసినవారిని అడుగుతారు. నేను చేస్తున్నది అదే. ఒక శాఖలో లాకరు గది తలుపు దగ్గర మూడు మీటర్ల మేర కెమెరా కంటికి అందడం లేదని మొదటి రోజే కనిపెట్టాను. అది చూసే కన్ను సైన్యం ఇచ్చింది.

పర్మినెంట్ కావాలనుకుంటే మనస్ఫూర్తిగా దానికి పనిచేయాలి. వద్దనుకుంటే పదేళ్ళకు దిగాలి. రెండింటి మధ్య ఊగిసలాడుతూ నాలుగేళ్ళు గడపడం నష్టం.

పద్నాలుగేళ్ళు, రణస్థలం

మేడమ్, వయసు లెక్క మీరు చెప్పినది నిజం. కానీ మేజర్ జీతానికీ లెఫ్టినెంట్ కల్నల్ జీతానికీ మధ్య మెట్టు చాలా ఎత్తు. మూలవేతనం 69,400 దగ్గర మొదలయ్యే స్థాయి నుంచి 1,21,200 దగ్గర మొదలయ్యే స్థాయికి వెళ్తాం. చేతికి వచ్చే గ్రాట్యుటీ కూడా దాన్ని బట్టే పెరుగుతుంది. మా నాన్నగారి గుండె ఆపరేషను, చెల్లెలి పెళ్ళి ఆ చివరి ఏడాదిలోనే అయ్యాయి. కొందరికి ఆ నాలుగేళ్ళు అవసరం. సివిల్స్ రాసే ఆలోచన లేనివాడికి వయసు అంత పెద్ద అడ్డు కాదు.

మాజీ కెప్టెన్, విజయనగరం కంటోన్మెంట్

ఇంటి అవసరం అంటే నేను ఎదురు చెప్పను. అక్కగారే తమ్ముడిని అడిగి తెలుసుకోవాలి, అతను ఏ రకమో.

నరసన్నపేట అక్క

మీ అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియడం లేదు. రెండుసార్లు చదివి అమ్మకు వినిపించాను. నాలుగేళ్ళ నియమం వీడికి కాదని తెలిశాక ఆమె రాత్రి అన్నం తిన్నది. ఇంకా రెండు ప్రశ్నలు. షార్ట్ సర్వీసు మీద దిగితే పింఛను అస్సలు రాదా? వైద్యం మాటేమిటి? తమ్ముడికి ఒకసారి శిక్షణలో మోకాలు మెలిపడింది. "చిన్నదే" అంటాడు కానీ మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకోవడం నేను చూశాను.

పద్నాలుగేళ్ళు, రణస్థలం

పింఛనుకు అధికారికి ఇరవై ఏళ్ళ సర్వీసు కావాలి. మనకు రాదు. గ్రాట్యుటీ, వాడుకోని సెలవుల డబ్బు, డీసాప్ భవిష్యనిధి, గ్రూపు బీమా పొదుపు చేతికి వస్తాయి. డీసాప్‌లో కనీస మొత్తంతో సరిపెట్టుకోకుండా మొదటినుంచి ఎక్కువ వేసుకోవాలి. కారు కోసం అప్పు చేసినవారిని చూశాను, కారు పాతబడేసరికి సర్వీసు అయిపోయింది. మాజీ సైనికుల ఆరోగ్య పథకాన్ని 2019లో షార్ట్ సర్వీసు అధికారులకు కూడా వర్తింపజేశారు. దిగిన వెంటనే ఒకసారి చందా కట్టి చేరాలి.

మాజీ కెప్టెన్, విజయనగరం కంటోన్మెంట్

మోకాలి సంగతి ఇప్పుడే రాతలోకి ఎక్కించండి. ఇది అన్నిటికంటే ముఖ్యం. నా వినికిడి ఒక చెవిలో తగ్గింది. ఫైరింగు రేంజి దగ్గర మొదలైంది. కెరీర్ పాడవుతుందని ఎక్కడా చెప్పలేదు. దిగేటప్పుడు విడుదల వైద్య పరీక్షలో చెబితే, "పాత రికార్డులో ఎక్కడుంది?" అన్నారు. నా దగ్గర ఒక్క కాగితం లేదు. ఆ చెవితో ఈరోజు కూడా ఫోను మాట్లాడలేను.

పాత సుబేదార్, ఆముదాలవలస

అమ్మా, కెప్టెన్ మేడమ్ చెప్పినది నూటికి నూరుపాళ్ళు నిజం. చిన్న ఆఫీసర్లలో నేను చూసిన పెద్ద లోపం ఇదే. జవానుకు జ్వరం వస్తే తామే యూనిట్ వైద్యుడి గదికి, ఎంఐ రూముకు, నడిపించుకు వెళ్తారు. తమకు దెబ్బ తగిలితే బూటు లేసు గట్టిగా బిగించి వచ్చేస్తారు. మా కంపెనీలో ఒక లెఫ్టినెంట్ సాబ్ విరిగిన వేలితో తొమ్మిది రోజులు గస్తీ తిరిగాడు. నేనే బతిమాలి పంపాను.

ఆ పెళ్ళి సంబంధం గురించి కూడా ఒక మాట. ఆయన అడిగినది తప్పు కాదు, కూతురి తండ్రి. దాచకుండా చెప్పండి. పదేళ్ళు, పద్నాలుగేళ్ళు, పర్మినెంట్, మూడింటిలో ఏది జరిగినా ఇంటికి ఎంత వస్తుంది, తర్వాత ఆలోచన ఏమిటి అన్నది కాగితం మీద రాసి చూపించండి. కీర్తిచక్ర పొందిన మేజర్ మళ్ళ రామగోపాల్ నాయుడు మన జిల్లావాడే. అలాంటి పేర్లు చెప్పుకుని గర్వపడతాం, మన ఇంటికి అల్లుడిగా వచ్చేసరికి మాత్రం సర్వీసు ఎన్నేళ్ళని లెక్కపెడతాం. ఆయనతో కావాలంటే నేను మాట్లాడతాను.

వేగావతి, బొబ్బిలి

సార్, ఆదివారం పరీక్ష రాశాను. ఏది వస్తే దానికి వెళ్తాను. నోటుపుస్తకం మాత్రం ముందే కొన్నాను.

నరసన్నపేట అక్క

చాలా రోజుల తర్వాత రాస్తున్నాను. తమ్ముడు సెలవు మీద వచ్చి వెళ్ళాడు. వాడికి ఈ చర్చ మొత్తం నా ఫోనులో చూపించాను. మొదట నవ్వి పక్కన పెట్టాడు. రాత్రి పన్నెండు దాటాక చూస్తే వరండాలో కూర్చుని చదువుతున్నాడు. మరునాడు సుబేదారుగారి ఇంటికి తీసుకెళ్ళాను. ఇద్దరూ మూడు గంటలు మాట్లాడుకున్నారు. దారిలో వాడు చెప్పాడు, "అక్కా, నేను తర్వాత చూద్దాం అన్నది ధైర్యంతో కాదు, ఆలోచిస్తే భయమేసి" అని. అధికారి అయ్యాక వాడి నోట భయం అనే మాట వినడం అదే మొదటిసారి.

పర్మినెంట్ కమిషన్‌కే మొదటి ప్రయత్నం చేస్తానన్నాడు. వార్షిక నివేదికలు, జూనియర్ కమాండ్ కోర్సు మీద ఈ నాలుగేళ్ళు దృష్టి పెడతాడు. రాకపోతే పదేళ్ళకే దిగి సివిల్స్ ఒకసారి రాస్తాడు, పొడిగింపు వద్దనుకున్నాడు. ఇంటి అప్పు ఇంకా మూడేళ్ళది ఉంది, అది నేను చూసుకుంటానని చెప్పాను. డీసాప్‌లో వేసే మొత్తం పెంచాడు. పెళ్ళివారికి కాగితం మీద అన్నీ రాసి పంపాము. వారి నుంచి ఇంకా కబురు రాలేదు. రాకపోయినా ఫరవాలేదని అమ్మే అన్నది.

మోకాలు తిరిగి వెళ్ళిన వారంలోనే సైనిక ఆసుపత్రిలో చూపించాడు. ఎంఆర్ఐ తీశారట. రికార్డులోకి ఎక్కింది.

పాత సుబేదార్, ఆముదాలవలస

మంచి కబురు చెప్పారమ్మా. ఆ కాగితం నకళ్ళు మూడు తీయించమనండి. ఒకటి తన దగ్గర, ఒకటి మీ బీరువాలో, ఒకటి నాకు పంపండి. నా ఫైలులో పెడతాను. నల్లపెట్టె అడుగున మాత్రం పెట్టవద్దని చెప్పండి, ఈశాన్యంలో వానకు నావి రెండుసార్లు ముద్దయిపోయాయి.